ప్రయోగాత్మక పదార్థాలతో పాదరక్షల రూపకల్పన

ఒక మనిషి పాదానికి కొలతలు తీసుకొని, చెప్పుల్లో ఇంతకుముందు వాడని పదార్థంతోనో, వాడినా ఇంకా నిగ్గు తేలని పదార్థంతోనో బూటు తయారుచేసి, తొడిగి నడిపించి, లోపాలు కనిపెట్టి మళ్లీ సవరించే పనిని ప్రయోగాత్మక పాదరక్షల రూపకల్పన అంటారు. తోలు, గుడ్డ, కొయ్య, నార మీదే మనుషులు వేల ఏళ్లు నడిచారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచి రబ్బరును గట్టిపరచడం కనిపెట్టాక అడుగుభాగం మారిపోయింది. గత నూరేళ్లలో కార్క్ బెరడు, సెల్లోఫేన్, నైలాన్, రకరకాల ప్లాస్టిక్ నురుగులు, కార్బన్ పలక, పుట్టగొడుగుల వేరుపోగులు, కొబ్బరినీళ్లలో పెరిగిన సెల్యులోజ్ పొర వచ్చి చేరాయి. వీటిలో చాలావరకు ప్రదర్శనల దగ్గరే ఆగిపోయాయి. కాలికింద నిలిచినవి తక్కువ. అవి నిలిచిన కారణం కొత్తదనం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఎలా వంగాయి, ఎలా అరిగాయి, పక్కనున్న పదార్థానికి ఎలా అతుక్కున్నాయి అన్నవే వాటి రాత రాశాయి.

పాదం, అచ్చు

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. నడకలో మడమ ముందుగా నేలను తాకుతుంది. బరువు పాదం బయటి అంచు వెంట సాగి బొటనవేలి మొదట్లోకి చేరుతుంది. అక్కడి నుంచి పాదం నేలను వెనక్కి నెడుతుంది. బూటు వంగేది ఆ వేళ్ల మొదళ్ల దగ్గరే, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే. కూర్చున్నప్పటికంటే నిలబడ్డప్పుడు పాదం పొడవుగా, వెడల్పుగా ఉంటుంది. ఉదయంకంటే సాయంత్రం లావెక్కుతుంది. కుడి ఎడమలు ఒకే కొలతలో ఉండడం అరుదు. అందుకే చేయి తిరిగిన పనివారు రెండు పాదాలనూ నిలబెట్టి కొలుస్తారు. కాగితం మీద పెన్సిల్ నిటారుగా పట్టి చుట్టూ గీసి, వేళ్ల మొదళ్ల చుట్టుకొలత, నడిపాదం చుట్టుకొలత, మడమ మీదుగా వచ్చే ఏటవాలు చుట్టుకొలత విడివిడిగా రాసుకుంటారు.

ఈ కొలతల నుంచి తయారయ్యేది అచ్చు. పరిశ్రమలో దీన్ని లాస్ట్ అంటారు. ఇది పాదానికి నకలు కాదు. వేళ్ల ముందు కొంత ఖాళీ ఉండాలి, మడమ దగ్గర కాస్త బిగువుండాలి, ముందుభాగం నేల నుంచి కొద్దిగా పైకి లేచి ఉండాలి. పూర్వం గట్టి కొయ్యతో చెక్కేవారు, ఇప్పుడు పాలిథిలిన్‌తో చేస్తున్నారు. ఒక వ్యక్తికి బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చి ఉంటే, అచ్చు మీద ఆ చోట తోలుముక్కలు పొరలుగా అంటించి ఆకురాయితో నునుపు చేస్తారు. త్రీడీ స్కానర్‌తో పాదాన్ని కొలిచి అచ్చును ప్లాస్టిక్‌తో ముద్రించే పద్ధతి వచ్చాక ఈ పని వేగం పుంజుకుంది. అయితే స్కానర్ ఇచ్చేది పాదం ఆకారమే. ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు అన్నది ఇప్పటికీ మనిషే నిర్ణయించాలి.

కొలతల పద్ధతులూ ఒక్కటి కావు. ఇంగ్లిష్ పద్ధతిలో ఒక సైజుకూ మరో సైజుకూ తేడా అంగుళంలో మూడోవంతు, యూరప్ పద్ధతిలో సెంటీమీటరులో మూడింట రెండువంతులు. ఇవి రెండూ మన పాదాలను కొలిచి చేసినవి కావు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను స్కానర్లతో కొలిచింది. సగటు భారతీయుల పాదం యూరప్, అమెరికా వాసుల పాదంకంటే వెడల్పని అందులో తేలింది. ఆ కొలతల ఆధారంగా ‘భా’ అనే భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. వెడల్పు చాలక పొడవెక్కువైన బూట్లు కొనుక్కునే అలవాటు మనలో ఎందుకుందో ఈ సర్వే చూస్తే అర్థమవుతుంది.

కొరత నేర్పిన పని

ఈ రంగంలో మొదట చెప్పుకోవలసిన పేరు సాల్వతోరే ఫెర్రగామో. 1898లో ఇటలీలోని బొనీతో గ్రామంలో పుట్టాడు. కుర్రతనంలోనే అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో సినిమాతారలకు బూట్లు చేశాడు. అందమైన బూట్లు కాళ్లను ఎందుకు బాధపెడుతున్నాయో తెలుసుకోవాలని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్రం పాఠాలు విన్నాడు. నిలబడ్డ మనిషి బరువు పాదం మధ్య విల్లు మీద పడుతుందని గ్రహించి, అక్కడ ఆసరాగా ఉక్కు బద్ద పెట్టడం మొదలుపెట్టాడు. 1927లో ఇటలీకి తిరిగొచ్చి ఫ్లారెన్స్‌లో స్థిరపడ్డాడు.

1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తింది. నానాజాతి సమితి ఆంక్షలు విధించింది. నాణ్యమైన ఉక్కు దొరకడం మానేసింది, దొరికిన బద్దలు కాలికింద విరిగిపోసాగాయి. అప్పుడు ఫెర్రగామో ఉక్కు బద్దకు ప్రత్యామ్నాయం వెతకడం మాని, బద్ద అవసరమే లేకుండా చేశాడు. మడమకూ వేళ్ల మొదళ్లకూ మధ్యనున్న ఖాళీని కార్క్ ముక్కలతో నింపి, అంటించి, చెక్కి నునుపు చేశాడు. అడుగంతా ఒకే దిమ్మెలా ఉండే ‘వెడ్జ్’ మడమ అలా పుట్టింది. దానికి ఆయన పేటెంటు కూడా తీసుకున్నాడు. 1938లో సినిమాతార జూడీ గార్లండ్ కోసం రంగురంగుల పొరలతో చేసిన ఎత్తు చెప్పు ఈ పనిలోంచే వచ్చింది. మేలురకం తోలు కరువైన ఆ ఏళ్లలో పై భాగానికి సెల్లోఫేన్, తాటిజాతి నార, జనపనార, చేప చర్మం వాడాడు. 1947లో నైలాన్ దారాలతో పై భాగం చేసిన ‘అదృశ్య చెప్పు’ను తయారుచేసి అమెరికాలో నైమన్ మార్కస్ పురస్కారం అందుకున్నాడు. ఆయన తన ఖాతాదారుల పాదాలకు చెక్కించిన కొయ్య అచ్చులను ఫ్లారెన్స్‌లోని ఫెర్రగామో మ్యూజియంలో చూడవచ్చు.

ఆలోచనలోంచి పదార్థం పుట్టడమే కాదు, చేతికందిన పదార్థంలోంచి ఆలోచన పుట్టడమూ ఉంది. మన పల్లెల్లో పాత లారీ టైరు కోసి చేసిన టైరు చెప్పులు ఆ కోవలోవే. ఏళ్లతరబడి అరగని ఆ అడుగు ఏ ప్రయోగశాలా ఇవ్వలేదు. అంతకుముందే తోలు నానబెట్టే లందల్లో తంగేడు చెక్కతో, కరక్కాయతో పచ్చితోలును వారాల తరబడి నానబెట్టి పదును చేసిన మాదిగ పనివారు గొప్ప పదార్థ శాస్త్రం సాధించారు. ఎండలో బీటలిచ్చే, నీటిలో కుళ్లే చర్మాన్ని ఏళ్లపాటు కాలికింద వంగే వస్తువుగా మార్చడంకంటే పెద్ద ప్రయోగం ఏముంది? ఆ తెలివికి ప్రతిఫలంగా సమాజం ఇచ్చింది అంటరానితనం. పాదరక్షల చరిత్ర రాసేవారు ఈ మాట దాటవేయకూడదు.

పెనం మీద పోసిన అడుగు

బిల్ బవర్‌మన్ అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగుల శిక్షకుడు. తన శిష్యుల పాదాలు గీసుకొని వాళ్లకు స్వయంగా బూట్లు కుట్టేవాడు. కృత్రిమ ఉపరితలమున్న కొత్త ట్రాక్ మీద ఇనప ముళ్లు లేకుండానే పట్టు దొరకాలన్నది ఆయన సమస్య. 1970ల మొదట్లో ఒక ఉదయం, గళ్లగళ్లుగా వచ్చే వాఫిల్ అట్ల పెనం చూసి, అందులో ద్రవరూపంలోని యురిథేన్ పోశాడు. అంటుకోకుండా ముందుగా పూయవలసిన నూనె పూయలేదు, పెనం రెండు భాగాలూ అతుక్కుపోయాయి. ఆ ఊహను మాత్రం వదలలేదు. వేరే అచ్చులతో రబ్బరు అడుగులు పోసి, కోసి, పరుగువీరులకు తొడిగించి చూశాడు. 1974లో ఆ అడుగుకు పేటెంటు వచ్చింది. అదే ఏడాది నైకీ సంస్థ వాఫిల్ ట్రైనర్ బూటును మార్కెట్లోకి తెచ్చింది.

ఈ కథకు తక్కువమంది చెప్పే రెండో భాగం ఉంది. గాలి సరిగా ఆడని చోట ఏళ్లతరబడి జిగురుతో పనిచేసిన బవర్‌మన్ కాలి నరాలు దెబ్బతిన్నాయి. జిగురును పలచన చేసే ఎన్-హెక్సేన్ అనే ద్రావకం నరాలను దెబ్బతీస్తుందని జపాన్‌లో చెప్పుల పనివారినీ, ఇటలీలో బూట్ల పనివారినీ పరీక్షించిన వైద్యులు తేల్చారు. వేళ్లలో తిమ్మిరితో మొదలై నడక పడిపోయేదాకా వెళ్లే జబ్బు ఇది. యురిథేన్ నురుగు పోసేటప్పుడు వెలువడే ఐసోసయనేట్ ఆవిర్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. ఇంటి గదిలో తలుపులు మూసుకొని ఇలాంటి పని చేయడం ప్రమాదకరం. మూతికి గుడ్డ కట్టుకుంటే ఈ ఆవిర్లు ఆగవు.

నమూనా ఎలా తయారవుతుంది

పని చాలాచోట్ల ఇప్పటికీ కాగితపు టేపుతోనే మొదలవుతుంది. అచ్చు మీద మాస్కింగ్ టేపును ఒక వరస మీద ఇంకో వరస కొంచెం ఎక్కేలా రెండు పొరలు అంటిస్తారు. వేళ్ల కొన నుంచి మడమ వెనక దాకా మధ్యగీత గీస్తారు. నాలుక ఎక్కడ మొదలవ్వాలి, లేసు రంధ్రాలు ఎక్కడ రావాలి, పక్క అంచు చీలమండ ఎముకకు ఎంత కింద ఆగాలి అన్నవన్నీ ఆ టేపు మీదే గీసేస్తారు. తర్వాత మధ్యగీత వెంట కత్తితో కోసి, టేపును ఊడదీసి, దళసరి అట్ట మీద పరుస్తారు. గుండ్రటి ఒళ్లున్న వస్తువు బల్ల మీద చదునుగా పరుచుకోదు. ముడత పడ్డచోట చిన్న గాట్లు పెట్టి సర్దాలి. గాటు ఎక్కడ పెట్టాం, ఎంత సర్దాం అన్నదాన్ని బట్టే బూటు కాలికి పడుతుంది. అడుగున మడిచి అంటించడానికి 15 నుంచి 20 మిల్లీమీటర్లు అదనంగా వదిలి అట్ట కోస్తారు.

మొదటి నమూనాకు ఖరీదైన పదార్థం వాడరు. చవక రెగ్జిన్‌తోనో ఫెల్టుతోనో కుట్టి ఆకారం సరిచూసుకుంటారు. ఆకారం కుదిరాక అసలు పదార్థం వంతు. కుట్టిన పై భాగాన్ని అచ్చు మీద తొడిగి, ముందు వేళ్ల దగ్గర, తర్వాత మడమ దగ్గర, ఆపైన పక్కల పట్టకారుతో లాగి అడుగున అంటిస్తారు. తోలు ఈ లాగుడుకు సాగి, ఆరాక అదే ఆకారంలో నిలుస్తుంది. కొత్త పదార్థాలు చాలావరకు ఇక్కడే తప్పుతాయి. నారపొర ఒకవైపు సాగి ఇంకోవైపు చిరుగుతుంది. ప్లాస్టిక్ పూత వేసిన గుడ్డ సాగినట్టే సాగి, అచ్చు తీయగానే వెనక్కి లాక్కుంటుంది. అందుకే సాగని పదార్థాలకు ముక్కలు ఎక్కువ పెట్టి కుట్టుతోనే ఆకారం తెప్పిస్తారు, లేదా అల్లికలోనే పాదం ఒంపు వచ్చేలా అల్లుతారు. 2012లో నైకీ ఫ్లైనిట్, అడిడాస్ ప్రైమ్‌నిట్ తెచ్చిన మార్పు ఈ రెండో దారిలోదే.

ఆ తర్వాత గండం అతుకు. తోలైతే పైపొరను గరుకుగా గీకుతారు. నియోప్రీన్ లేదా పాలీయురిథేన్ జిగురును రెండు ముఖాలకూ పూసి, తడి ఆరనిచ్చి, వేడితో మళ్లీ మెత్తబరిచి, ఒక్కసారిగా అదుముతారు. రబ్బరుకు, ఇ.వి.ఎ. అనే ప్లాస్టిక్ నురుగుకు ముందు రసాయనపు పూత వేయకపోతే ఎంత మంచి జిగురైనా తొక్కలా ఊడి వస్తుంది. మైనపు గుణమున్న పదార్థాలు జిగురును దగ్గరికి రానివ్వవు. కొత్త పదార్థం చేతికి రాగానే బూటు బొమ్మ గీయడంకంటే ముందు దాని రెండు ముక్కలు అంటించి, ఆరబెట్టి, లాగి చూడడం మంచిది. వారాల శ్రమ మిగులుతుంది.

ప్రయోగశాలలో పరీక్షలు ఇంకా కఠినం. తోలును వేలసార్లు మడిచే ఫ్లెక్సోమీటర్ పరీక్షకు ఐ.ఎస్.ఓ. 5402 ప్రమాణం ఉంది. అడుగు రబ్బరు అరుగుదలకు ఐ.ఎస్.ఓ. 4649 ఉంది. ఇందులో గరుకు కాగితం చుట్టిన తిరిగే పీపా మీద రబ్బరు ముక్కను 40 మీటర్ల దూరం రాపిడి చేసి, ఎంత పోయిందో కొలుస్తారు. చివరికి మనిషి తొడుక్కొని నడవాలి. చెమట, ఉప్పు, వాననీరు, ఎండ కలిసి చేసే పని ఏ ఒక్క యంత్రమూ చేయలేదు.

నురుగులు, ముద్రణ

నడిమి అడుగుకు 1970ల మధ్య నుంచి ఇ.వి.ఎ. నురుగు రాజ్యమేలింది. తేలిక, చవక, కోయడానికి సులువు. కొన్నాళ్లకు నలిగి పలచబడడం దాని లోపం. 2013లో అడిడాస్, జర్మనీ రసాయన సంస్థ బి.ఎ.ఎస్.ఎఫ్. కలిసి, ఉబ్బించిన టి.పి.యు. అనే సాగే ప్లాస్టిక్ గుళికలను ఆవిరితో అతికించి బూస్ట్ అడుగు తెచ్చాయి. 2017లో నైకీ వేపర్‌ఫ్లై మెత్తటి పెబా నురుగు మధ్య వంపు తిరిగిన కార్బన్ పలక పెట్టింది. 2019 అక్టోబరులో వియన్నాలో పరుగువీరుడు ఎలియుడ్ కిప్‌చోగె ఆ వంశంలోని నమూనా బూట్లతో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తాడు. 2020 జనవరిలో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, ఒకటికి మించి పలకలు ఉండకూడదని, మార్కెట్లో దొరకని నమూనాలు పోటీకి పనికిరావని నియమం పెట్టింది. ఆ తర్వాత ముందస్తు అనుమతితో, పరిమిత కాలానికి నమూనా బూట్లకు సడలింపు ఇచ్చింది. బూటు నమూనా క్రీడాన్యాయానికి సంబంధించిన విషయం కావడం అప్పుడే స్పష్టంగా కనిపించింది.

త్రీడీ ముద్రణ ఒక్క జతకు అడుగు పోసే అచ్చు ఖర్చు లేకుండా చేసింది, ఇది నిజమైన మేలు. ఇంజెక్షన్ అచ్చు పోయించాలంటే వేల జతలు అమ్ముడుపోవాలి. టి.పి.యు. తీగతో ముద్రిస్తే ఒక పాదానికి ఒకటే చేయవచ్చు, మడమ కింద మెత్తగా, నడిపాదం కింద గట్టిగా లోపలి జాలీని మార్చుకోవచ్చు. 2017లో అడిడాస్, కార్బన్ అనే అమెరికా సంస్థ కలిసి కాంతితో గట్టిపడే రెజిన్‌తో జాలీ అడుగు ముద్రించాయి. అయితే అడిడాస్ జర్మనీలోని ఆన్స్‌బాఖ్‌లో, అమెరికాలోని అట్లాంటాలో నడిపిన రోబోల కర్మాగారాలు 2020లో మూతపడ్డాయి. ఒక్కో పాదానికి ఒక్కో బూటు అన్న మాట పెద్ద కర్మాగారపు లెక్కల్లో ఇమడలేదు. చిన్న కార్ఖానాల్లో, ఆసుపత్రుల్లో మాత్రం అది సాగుతోంది.

పెంచిన తోళ్లు

పుట్టగొడుగుల వేరుపోగులను పొరగా పెంచి తోలులా వాడే ప్రయత్నాలకు పెట్టుబడులు బాగా వచ్చాయి. బోల్ట్ థ్రెడ్స్ సంస్థ తయారుచేసిన మైలో అనే అలాంటి పొరతో అడిడాస్ 2021లో స్టాన్ స్మిత్ నమూనా చూపింది. 2023లో పెట్టుబడి దొరక్క మైలో ఉత్పత్తి ఆగిపోయింది. స్పెయిన్‌కు చెందిన కార్మెన్ ఇహోసా అనాస ఆకుల నారతో పిన్యాటెక్స్ చేసింది. కేరళలో మలై సంస్థ కొబ్బరినీళ్లలో బాక్టీరియా పెంచే సెల్యులోజ్‌కు నార కలిపి పొరలు చేస్తోంది. కాన్పూరులో ఫూల్ సంస్థ గుడిపూలతో ‘ఫ్లెదర్’ తెచ్చింది.

వీటిలో ఆశపడదగ్గది చాలా ఉంది. కానీ చెట్టు పేరు, పండు పేరు చూసి నమ్మేయకూడదు. జర్మనీలోని ఫ్రైబర్గ్ తోలు పరిశోధన సంస్థ 2021లో ఇలాంటి పదార్థాలను తోలుతో పోల్చి పరీక్షించింది. బలం, ఆవిరి పారుదల, మడతకు ఓర్పు అన్నీ తోలు స్థాయిలో ఉన్నది ఒక్కటీ దొరకలేదు. కొన్నింటిలో పైపొర పాలీయురిథేన్ ప్లాస్టిక్కే. అలాంటి బూటు మట్టిలో కలవదు, తోలంత కాలమూ రాదు. క్రోమ్ తోలు శుద్ధి నీళ్లను పాడుచేస్తున్నదన్న మాట నిజమే, దానికి జవాబు వెతకవలసిందే. ఆ జవాబు లేబుల్ మీదకంటే జత ఎన్నేళ్లు వచ్చిందన్న లెక్కలో వెతకాలి.

స్పర్శ లేని పాదాలు

ఈ రంగంలో అన్నిటికంటే విలువైన పని ఫ్యాషన్‌తో గానీ పరుగుపందాలతో గానీ జరగలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అది కుష్ఠు ఆసుపత్రుల్లో జరిగింది. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946 నుంచి వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేశాడు. కుష్ఠు రోగుల పాదాలు వాటంతట అవి కుళ్లి రాలిపోవని, నొప్పి తెలియక ఒకేచోట పదేపదే పడే ఒత్తిడి వల్లే పుండ్లు పడుతున్నాయని ఆయన తేల్చాడు. అంటే మందుతోపాటు చెప్పు కూడా వైద్యమే. ఆయన, సహచరులు రకరకాల అడుగులు చేసి తొడిగించి చూశారు. చివరికి చిన్నచిన్న గాలి గదులుండే మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు, వాడుకలో ఎం.సి.ఆర్., లోపలి పొరగా నిలిచింది. ముల్లు గుచ్చుకోకుండా కింద గట్టి రబ్బరు, చాలాచోట్ల పాత టైరు ముక్క. మేకు ఒక్కటీ కొట్టరు, అది పైకి తేలినా రోగికి తెలియదు కాబట్టి. స్పర్శ లేని పాదం చెప్పును పట్టుకోలేదు కాబట్టి మడమ వెనక పట్టీ తప్పనిసరి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఈ చెప్పులను రోగులకు ఇప్పటికీ ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో మధుమేహం ఉన్నవారు కొంటున్న ఎం.సి.ఆర్. చెప్పులకు మూలం ఇదే.

హైదరాబాద్‌లో పాదరక్షల రూపకల్పన, అభివృద్ధి సంస్థ ప్రాంగణం ఉంది. అక్కడ చదివే పిల్లలు ఫ్యాషన్ ప్రదర్శనలకు పెట్టే శ్రద్ధలో కొంత ఈ చెప్పులకు పెట్టాలి. ఆకారం మారిన పాదానికి పట్టే, చూడ్డానికి రోగి చెప్పులా అనిపించని జత తయారవ్వాలి. రోగి చెప్పు అని గుర్తుపడతారన్న సిగ్గుతో వాటిని మూలన పడేసి, పుండ్లు తెచ్చుకునేవారు ఉన్నారు.

పాదాల్లో తిమ్మిరి, మొద్దుబారడం ఉన్నవారు కొత్త పదార్థంతో చేసిన ఏ జతనైనా మొదటి రోజే బయటికి తొడుక్కెళ్లకండి. లోపల చేయిపెట్టి తడమండి, ఇంట్లో అరగంట నడవండి, విప్పి పాదం కింద, వేళ్ల మధ్య చూడండి. ఎర్రటి మచ్చ కనిపిస్తే ఆ జతను తొడగడం మాని, చేసినవారికి తిరిగి చూపించండి.